జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలకు ఉమారాణి జీవితంలో మొదటిసారి ఒక టెస్ట్ రన్‌ను మూసింది. మూసే ముందు కుర్చీ ముందుకు జరుపుకుంది, చున్నీ సర్దుకుంది, మనసులో దండం పెట్టుకుంది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఒక బటన్ నొక్కడానికి ఇంత హడావిడా అని పక్క సీటు కుర్రవాళ్లు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ. వాళ్లకు ఇరవై రెండేళ్లకే దొరికిన కుర్చీ ఈమెకు దొరకడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో వాళ్లకేం తెలుసు?

నాచారం మెయిన్ రోడ్డు మీద, టైర్ల దుకాణానికి పైన, రెండో అంతస్తులో ఉంది ఆ కంపెనీ. మొత్తం పద్నాలుగు మంది. చిన్న చిన్న దవాఖానాలకు, మందుల దుకాణాలకు కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసి ఇస్తారు. ఉమారాణి పని టెస్టింగ్. కొత్త ప్రోగ్రామ్‌ను జనం చేతికి ఇచ్చే ముందు ఇది చేసి చూడు, అది చేసి చూడు అని ఒక పెద్ద జాబితా ఉంటుంది. ఆ జాబితా పట్టుకుని ఒక్కొక్కటే చేసి చూసి, సరిగ్గా నడిస్తే పాస్ అని, నడవకపోతే ఫెయిల్ అని పెట్టుకుంటూ పోవడమే టెస్ట్ రన్. అన్నీ అయ్యాక మూసేస్తారు. మూశాక తాళం పడ్డట్టే, అందులో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేరు. మార్చాలంటే టీమ్ లీడ్ దాన్ని మళ్లీ తెరవాలి. ఎవరు తెరవమన్నారో, ఎందుకు తెరవాల్సి వచ్చిందో అక్కడ రాయాలి. ఆ రాత ఎప్పటికీ చెరగదు.

ఉమారాణి మూసిన రన్‌లో నూట నలభై రెండు టెస్టులు. నూట నలభై రెండూ పాస్. టీమ్ లీడ్ హరిచందన లాలాపేట్ అమ్మాయి, ఇరవై ఆరేళ్లది. మామూలుగా రన్ మూయడం ఆమె పనే. ఆ రోజు మాత్రం, "ఉమక్కా, మొత్తం నువ్వే జేసినవ్. క్లోజ్ గూడ నువ్వే కొట్టు," అని లేచి పక్కన నిలబడింది. కొట్టగానే చప్పట్లు. కింద బండి మీద నుంచి మిర్చి బజ్జీలు వచ్చాయి. యజమాని సుబ్రహ్మణ్యం గారు తన గదిలోంచి తొంగి చూసి, "శభాష్ అమ్మా," అన్నారు. ఆయన పాతికేళ్ల క్రితం రాజమండ్రి నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డ మనిషి. మంచివారే, కాకపోతే కోపం ముక్కు మీదే ఉంటుంది.

సాయంత్రానికల్లా ఆ రిపోర్టు డాక్టర్ గారికి వెళ్లిపోయింది. కాప్రా, లాలాపేట్, రామంతాపూర్ వైపు నాలుగు చిన్న దవాఖానాలు నడిపే డాక్టర్ ఆయన. ఒప్పందం ఏమిటంటే, మూసిన రన్‌లో ఒక్క ఫెయిల్ కూడా లేకపోతేనే ప్రోగ్రామ్ దవాఖానాలకు ఎక్కుతుంది. బుధవారం పొద్దున ముహూర్తం. అదే నెలాఖరుకు ఉమారాణి ఆరు నెలల గడువు కూడా పూర్తవుతుంది. పని నచ్చితే ఉద్యోగం ఖాయమైనట్టు లెటర్ ఇస్తారు, నచ్చకపోతే నమస్కారం పెడతారు.

ఈ ఆరు నెలల వెనక పన్నెండేళ్ల కథ ఉంది. ఇరవై నాలుగేళ్లప్పుడు ఉమారాణి నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో చేరింది. గోళీల స్ట్రిప్పులు మిషన్ మీద వరసగా వస్తుంటే చూసి, గోళీ లేని ఖాళీ గుంట కనబడితే ఆ స్ట్రిప్పును పక్కన పడేయడం ఆమె పని. తలకు టోపీ, మూతికి గుడ్డ, రోజుకు ఎనిమిది గంటలు కళ్లార్పకుండా చూడాలి. అంత బాగా చూసేది కాబట్టే ఉమారాణి లైన్‌కు ఫిర్యాదులు తక్కువ. ఆ పన్నెండేళ్లలో ఒక్క రోజు మాత్రం ఆమెను వదలకుండా పట్టుకుంది. ఒక బ్యాచ్ అయిపోయింది, కాగితాల మీద అందరి సంతకాలూ పడ్డాయి, డబ్బాలకు టేపు వేశారు. అప్పుడు మిషన్ కింద తుడుస్తుంటే నాలుగు గోళీలు దొరికాయి. అంటే ఎక్కడో నాలుగు గుంటలు ఖాళీగా పోయాయన్నమాట. ఆమె వెళ్లి సూపర్‌వైజర్ కనకరాజుకు చెప్పింది.

"అయిన పెండ్లికి మేళమెందుకు ఉమా?" అన్నాడు కనకరాజు. "సంతకం పడ్డ కాగితం జోలికి పోతే ముందు నీ కొలువు పోతది, తర్వాత నాది. పో, పో."

ఉమారాణి కుక్కిన పేనులా ఊరుకుంది. నాలుగు గోళీలకు ఎవరి ప్రాణం పోతుందిలే అనుకుంది. అయినా ఆ నాటి నుంచి ఇంట్లో ఎవరికి మందు తెచ్చినా, ఇచ్చే ముందు ప్రతి గుంటనూ బొటనవేలితో నొక్కి చూడటం అలవాటైపోయింది. ఎవరైనా ఎందుకని అడిగితే ఏదో చెప్పి దాటేసేది. సిగ్గు అలాంటిది.

మూడేళ్ల క్రితం ఆ కంపెనీ పటాన్‌చెరు అవతలికి తరలిపోయింది. రామంతాపూర్ నుంచి రోజూ అంత దూరం పోయి రావడం అయ్యే పని కాదు. భర్త భూపాల్ ఉప్పల్‌లో ఒక గోదాములో పనిచేస్తాడు. అత్తమామలు కృష్ణమ్మ, బాలనర్సింహ ఇంట్లోనే ఉంటారు. ఉమారాణి ఇంట్లో కూర్చోలేదు. తార్నాకలో నాలుగు నెలల టెస్టింగ్ కోర్సు చేసింది. క్లాసులో అందరూ ఆమెను చూసి టీచరమ్మ అనుకుని లేచి నిలబడ్డారట. తొమ్మిది ఇంటర్వ్యూలకు వెళ్తే ఎనిమిది చోట్ల "చెప్తాం లెండి" అన్నారు. తొమ్మిదోది ఇది. "నీకు టెస్టింగ్‌లో ఏం అనుభవం ఉందమ్మా?" అని సుబ్రహ్మణ్యం గారు అడిగితే, "పన్నెండేండ్లు గదే చేసిన సార్, అప్పుడు గోళీలు, ఇప్పుడు గిది," అంది. ఆయన నవ్వి చేర్చుకున్నారు.

అలాంటి మనిషి మొదటి రన్ మూసిన సంబరం ఒక్క రోజు కూడా సరిగ్గా నిలవలేదు.

శనివారం పొద్దున అత్తమామలను తీసుకుని రామంతాపూర్‌లో మీసేవకు వెళ్లింది. ఆ మధ్య ఇల్లు మారారు, ఆధార్‌లో చిరునామా మార్పించాలి. అప్పటికే వరసలో పదిమంది దాకా ఉన్నారు. వాళ్ల వంతు వచ్చాక కౌంటర్‌లో అమ్మాయి బాలనర్సింహ కార్డు చూసి గట్టిగా చదువుకుంది, "జనవరి ఒకటి, పందొమ్మిది వందల యాభై ఆరు." తర్వాత కృష్ణమ్మ కార్డు తీసుకుంది. "జనవరి ఒకటి, పందొమ్మిది వందల యాభై ఆరు. ఫోన్ నంబర్?"

"ఇద్దరికి ఒకటే అమ్మా, నా కొడుకుది," అన్నాడు బాలనర్సింహ.

కృష్ణమ్మకు మండి కోడలి వైపు తిరిగింది. ఈ కోపం ఆమెకు కార్డు వచ్చిన నాటి నుంచీ ఉంది. "గా కార్డులు రాసే పిలగాడు బడిల కూసుండి వచ్చినోళ్లందరికి గదే తారీకు ఏసిండు. పుట్టిన రోజు యాదికుందా అన్నడు, లేదన్న. ఆయనకు రాసిందే నాకు రాసిండు. నాకు మీ మామకు ఏడేండ్ల తేడా బిడ్డా! పెండ్లినాడు పొట్టిదాన్ని నేను, పీట మీద నిలబెట్టిన్రు. గిప్పుడు ఆయనంత ముసల్దాన్ని జేసిండు."

వెనక నిలబడ్డ పెద్దమనిషి అందుకున్నాడు. "నాది గూడ జనవరి ఒకటే వదినా. మా ఇంటిదాంది గూడ."

"మాదీ గదే," అని ఇంకెవరో అన్నారు. వరసలో ఉన్న ముసలివాళ్లందరూ నవ్వుతూ కార్డులు తీసి చూపించుకున్నారు. తొమ్మిది మందిలో ఆరుగురు జనవరి ఒకటిన పుట్టినవాళ్లే. అందరూ నవ్వుతుంటే ఉమారాణి ఒక్కతే నవ్వలేదు.

దవాఖానా ప్రోగ్రామ్ కొత్త పేషంటును ఎలా గుర్తుపడుతుందో ఆమెకు బాగా తెలుసు. ముందు ఫోన్ నంబర్ కొట్టాలి, తర్వాత పుట్టిన తేదీ కొట్టాలి. ఆ రెండూ కలిసినవాళ్లు ఇదివరకే ఉంటే ప్రోగ్రామ్ వాళ్ల పాత రికార్డు తెరుస్తుంది, లేకపోతే కొత్తది మొదలుపెడుతుంది. ఎనభై ఏడో టెస్టు సరిగ్గా దీని గురించే. ఒకే ఇంటి మనుషులు ఒకే ఫోన్ నంబర్‌తో వస్తే ఎవరి రికార్డు వారికి విడిగా ఉండాలి. ఉమారాణి ఆ టెస్టు శ్రద్ధగానే చేసింది. ఒకరికి ఆగస్టు పదిహేను, ఇంకొకరికి అక్టోబర్ రెండు అని గుర్తుండే తేదీలు ఇచ్చింది. ఇద్దరూ విడివిడిగా వచ్చారు, పాస్ అని పెట్టింది. ఇంకో సంగతి ఏమిటంటే, జనవరి ఒకటి అనే తేదీ ఆమెకు తోచకపోలేదు. తోచింది. కావాలనే వదిలేసింది. జనవరి ఒకటి అని పెడితే బద్ధకంతో ఏదో ఒకటి నింపినట్టు కనబడుతుందని, కోర్సులో సారు కూడా అలాంటి తేదీలు వద్దన్నారని వదిలేసింది. జనవరి ఒకటివాళ్లు ఇద్దరు రోజూ ఎదురుగా కూర్చుని తన చేతి అన్నం తింటుంటే వదిలేసింది!

టెస్టింగ్ కోసం పెట్టిన సైటు ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. మీసేవ మెట్ల మీద కూర్చుని తెరిచింది. భూపాల్ నంబర్, జనవరి ఒకటి యాభై ఆరు, బాలనర్సింహ, షుగరు మనిషి అని నమోదు చేసింది. తర్వాత కృష్ణమ్మ కోసం మళ్లీ అదే నంబర్, అదే తేదీ కొట్టింది. పేరు రాయడానికి ప్రోగ్రామ్ చోటు కూడా ఇవ్వలేదు. ఇదివరకే నమోదైన పేషంట్ అని, బాలనర్సింహ రికార్డు తెరిచి పెట్టింది.

కృష్ణమ్మకు పెన్సిలిన్ పడదు. ఎనిమిదేళ్ల క్రితం ఒకసారి ఆ సూది వేస్తే ముఖం వాచి, ఊపిరాడక, మూడు రోజులు మృత్యువుతో పోరాడింది. ఇలాంటి సంగతులు డాక్టరుకు ఎర్రటి అక్షరాల్లో కనబడాలని ఈ ప్రోగ్రామ్‌లో ఒక చోటు పెట్టారు. ఇప్పుడు ఆమె దవాఖానాకు పోతే డాక్టరు ముందు భర్త రికార్డు తెరుచుకుంటుంది. అందులో ఎర్ర అక్షరాలు ఉండవు. కృష్ణమ్మ ఒక్కతే కాదు, ఆ వరసలో నిలబడ్డ అందరి గతీ అంతే. బుధవారం నుంచి.

ఆదివారం సాయంత్రం దాకా ఉమారాణి ఎవరితోనూ ఏమీ అనలేదు. వంటలో ఉప్పు రెండుసార్లు వేసింది. చివరికి భూపాల్‌కు మొత్తం చెప్పింది. తను చేసింది లెక్క ప్రకారం తప్పు కాదని, ఎవరూ పట్టుకోలేరని కూడా చెప్పింది. మూసిన రన్ తెరవమంటే బుధవారం పని ఆగిపోతుందని, అలా ఆపింది తనేనని తన పేరుతో రాసి ఉంటుందని, లెటర్ ఇంకా చేతికి రాలేదని కూడా చెప్పింది.

"చెప్తే కొలువు ఉంటదా?" అన్నాడు భూపాల్.

"ఉండకపోవచ్చు."

"గా సూది ఏసిననాడు అమ్మను ఆటోల ఏసుకొని పోయింది నేనే ఉమా. ఒళ్లో పండుకోబెట్టుకున్న. ఊపిరి ఆడ్తలేదు." అతను తల తిప్పుకున్నాడు. "నువ్వు పోయి చెప్పు. కొలువు పోతే ఇంకోటి సూస్కుందాం."

ఆ మాట విన్నాక ఉమారాణికి భయం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. భయం అలాగే ఉంది. కాకపోతే సోమవారం పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లింది.

హరిచందన వచ్చి బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే, "మేడం, శుక్రవారం మూసిన రన్ మళ్ల తెరవాలె," అంది ఉమారాణి. ఇంకా ఆరు నెలలు నిండని ఉద్యోగి, తనకంటే పదమూడేళ్లు పెద్దది, అలా నిలబడి చెప్తుంటే హరిచందనకు ముందు అర్థం కాలేదు. ఉమారాణి కంప్యూటర్ మీద చేసి చూపించింది. హరిచందన రెండుసార్లు చూసింది, మూడోసారి తనే చేసి చూసింది. నెత్తి పట్టుకుంది.

"మా నాయనమ్మది గూడ జనవరి ఒకటే," అంది నీరసంగా. కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించింది. "అక్కా, జర నా మాట విను. నువ్వు టెస్ట్ జేసినవ్, పాస్ అయింది. నువ్వు జేసింది తప్పు కాదు. మనం దీన్ని ప్రోగ్రామ్‌ల కొత్తగ దొరికిన తప్పు, బగ్ అని రాద్దాం. ప్రోగ్రామ్ రాసిన దుర్గేషే వచ్చే నెల ఇచ్చేదాంట్ల సరి జేస్తడు. రన్‌ను ముట్టుకోవద్దు. నీకు లెటర్ రావాల్సిన టైం ఇది."

పిల్ల తన మంచికే చెప్తోందని ఉమారాణికి తెలుసు. అదే కష్టమైపోయింది. చెడుకు చెప్పేవాళ్లను కాదనడం తేలిక.

"వచ్చే నెల దాక దవాఖానాలల్ల ఏమైతది మేడం? రిపోర్టుల ఎనభై ఏడు పాస్ అని ఉంది. అంటే ఇంట్ల అందరికి ఒకటే ఫోన్ ఉన్నా ఫికర్ లేదని మనం డాక్టర్‌కు రాసిచ్చినట్టు. గది నిజం గాదు. పాస్ పెట్టింది నేను. నాతోనే ఫెయిల్ పెట్టనియ్యి."

హరిచందన ఆమెను సుబ్రహ్మణ్యం గారి గదికి తీసుకుపోయింది. ఆయన మొత్తం విన్నారు. వింటున్నంతసేపూ ముఖం ఎర్రబడుతూ పోయింది.

"నూట నలభై రెండుకు నూట నలభై రెండు అని నేనే ఫోన్ చేసి చెప్పానమ్మా ఆయనకు! బ్యానర్లు కొట్టించుకున్నాడు. ఇప్పుడు మళ్లీ తెరిచాం, ఫెయిల్ అయింది అంటే మనల్ని ఏమనుకుంటాడు? రేపు మనం పంపే ఏ రిపోర్టునైనా నమ్ముతాడా? మూసినదాన్ని తెరవడం అంటే మనం ముందు చేసింది తప్పని మనమే ఒప్పుకోవడం."

"అవును సార్," అంది ఉమారాణి.

ఈ జవాబు ఆయన ఊహించలేదు. ఆయన తేరుకునే లోపే ఉమారాణి చెప్పేసింది. ఇన్నేళ్లలో భర్తకు కూడా చెప్పని సంగతి, మిషన్ కింద దొరికిన నాలుగు గోళీల సంగతి, కనకరాజు మాట విని తను ఊరుకున్న సంగతి. ఆ నాలుగు గుంటలు ఎవరింటికి పోయాయో, ఎవరు ఏ రోజు మందు లేకుండా ఉన్నారో తనకు ఇప్పటికీ తెలియదంది. "ఆడ తెరిచే దిక్కు లేకుండె సార్, టేపు ఏస్తే ఏసినట్టే. ఈడ తెరిచే బటన్ ఉంది. ఉండంగ గూడ తెరవకపోతే నాకు నిద్ర పట్టదు. లెటర్ ఇయ్యకున్నా పర్వాలేదు."

సుబ్రహ్మణ్యం గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. "తెరవండి," అన్నారు చివరికి, కోపంగానే. "తెరిచి, ఇంకా ఏమేం ఉన్నాయో అన్నీ ఒకేసారి చూడండి. రోజుకొకటి తెచ్చి నా నెత్తిన పోయొద్దు."

హరిచందన రన్ తెరిచింది. కారణం రాయమని ఒక ఖాళీ పెట్టె వచ్చింది. తను రాస్తానంటే ఉమారాణి ఒప్పుకోలేదు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి, కొట్టేసి, తెలుగులోనే రాసింది. "ఎనభై ఏడో టెస్టులో నేను వేరు వేరు పుట్టిన తేదీలు వాడాను. మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి కార్డు మీద ఒకటే తేదీ, ఇంటికంతా ఒకటే ఫోన్. వాళ్లలాగా చేసి చూస్తే ఇద్దరి రికార్డు ఒకటైపోతోంది. పాస్ అని పెట్టింది నేనే. ఉమారాణి."

పుట్టిన తేదీతో సంబంధం ఉన్న టెస్టులు ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. అన్నీ మళ్లీ చేసింది. ఇంకో మూడు ఫెయిల్ అయ్యాయి. మంగళవారం మధ్యాహ్నం రన్ మళ్లీ మూసేసరికి నూట ముప్పై ఎనిమిది పాస్, నాలుగు ఫెయిల్. ఈసారి చప్పట్లు లేవు, బజ్జీలు లేవు.

డాక్టర్ గారికి సుబ్రహ్మణ్యం గారే ఫోన్ చేశారు. అవతలి నుంచి అరుపులు తలుపు బయటికి కూడా వినిపించాయి. బ్యానర్ అనే మాట నాలుగుసార్లు వచ్చింది. తర్వాత అరుపులు ఆగాయి. బుధవారం పని ఎందుకు ఆపాల్సి వచ్చిందో సుబ్రహ్మణ్యం గారు విడమరిచి చెప్పినట్టున్నారు. కాసేపటికి బయటికి వచ్చి, "మా దగ్గర ముసలివాళ్లలో సగం మంది జనవరి ఒకటే, ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నాను, మీకు చెప్పాలని నాకే తోచలేదు అంటున్నాడు. రెండు వారాలు ఆగుతాడట," అన్నారు. ఉమారాణి వైపు మాత్రం చూడలేదు.

ఆ రెండు వారాలూ ఉమారాణి పొద్దున ఆఫీసు పని, సాయంత్రం ఇంకో పని చేసింది. రామంతాపూర్‌లో తమ గల్లీలో ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లను అడిగింది. దవాఖానాకు పోతే ఏ ఫోన్ నంబర్ చెప్తారు, ఏ పేరు చెప్తారు, కార్డు మీద ఏముంది? కృష్ణమ్మ కూడా వెంట తిరిగి, తలుపు తీయనివాళ్లను పేరు పెట్టి పిలిచి తీయించింది. ఒక ముసలాయన ఫోన్ నంబర్ అడిగితే కిరాణా దుకాణంవాడి నంబర్ చెప్తాడట. ఒకావిడకు రెండు కార్డుల మీద రెండు తేదీలు. ఇంకొకాయన ఏ తారీకు తోస్తే అదే రాసుకోమంటాడు, ఆయనకు పట్టింపు లేదు. ఇలాంటివి ఏ కోర్సులోనూ ఏ సారూ చెప్పడు. ఉమారాణి వాటన్నిటినీ టెస్టులుగా రాసింది. రాస్తున్నకొద్దీ ఆమెకు హుషారు పెరిగింది. పన్నెండేళ్లు మిషన్ మీద తిప్పిన కళ్లు ఇప్పుడు మనుషుల మీద తిరుగుతున్నాయి, ఈ పని తనకు బాగా వచ్చని ఆమెకు మొదటిసారి నమ్మకం కలిగింది.

ప్రోగ్రామ్ రాసే దుర్గేష్ ఫోన్, తేదీలతో పాటు పేరు కూడా అడిగేలా, కలిసినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లన్నీ చూపించి వీళ్లలో ఎవరు అని అడిగేలా మార్చాడు. మారిన ప్రోగ్రామ్‌కు హరిచందన కొత్త రన్ మొదలుపెట్టింది. పాతదాన్నే మళ్లీ తెరిచి ఫెయిల్‌లను పాస్‌లుగా మార్చితే సరిపోదా అని పక్క సీటు కుర్రవాడు అడిగాడు. ఉమారాణే జవాబు చెప్పింది. "ఆ రోజు ఉన్న ప్రోగ్రామ్‌కు అది ఫెయిలే తమ్మీ. ఇయ్యాల మంచిగైతే, నిన్న గూడ మంచిగనే ఉండె అని రాసుకుంటమా? మనం చూసింది తప్పైతే పాత రన్ తెరవాలె. ప్రోగ్రామే మారితే కొత్తది పెట్టాలె." హరిచందన ఆ మాటను కాగితం మీద రాసి గోడకు అంటించింది.

ఈ మధ్యలో నెలాఖరు వచ్చింది, పోయింది. లెటర్ రాలేదు. ఉమారాణి అడగలేదు, ఎవరూ చెప్పలేదు. భూపాల్ రోజూ సాయంత్రం ముఖం చూసి ఊరుకునేవాడు.

తర్వాతి గురువారం కొత్త రన్ పూర్తయింది. నూట డెబ్బై మూడు టెస్టులు, అన్నీ పాస్. హరిచందన మళ్లీ కుర్చీ వదిలి పక్కన నిలబడింది. ఈసారి సుబ్రహ్మణ్యం గారు కూడా గదిలోంచి వచ్చి ఉమారాణి కుర్చీ వెనక నిలబడ్డారు. ఆఫీసులో కీబోర్డులు ఆగిపోయాయి.

"ఈసారి ఖాయమేనా అమ్మా?" అన్నారు ఆయన. "ఫోన్ చేసి చెప్పమంటావా?"

ఖాయం సార్ అంటే ఒక్క మాటతో అయిపోయేది. ఉద్యోగం కూడా ఆ మాట మీదే ఆగి ఉందని ఉమారాణికి అనిపించింది. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి వెనక్కి తిరిగింది.

"నాకు తెలిసిన కాడికి ఖాయం సార్. రేపు ఇంకోటి తెలిస్తే మళ్ల వచ్చి తెరవమని అడుగుత."

కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే మిషన్ చప్పుడు పైకి వినిపిస్తోంది. సుబ్రహ్మణ్యం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"అడుగు," అన్నారు. "తెరుద్దాం. డాక్టర్ గారికి కూడా ఈ మాటే చెప్తాను, ఉన్నదున్నట్టు." రెండడుగులు వేసి ఆగారు. "అది మూసేసి నా గదిలోకి రా అమ్మా. లెటర్ మీద సంతకం పెట్టాలి. పోయిన వారమే ఇవ్వాల్సింది, నా కోపం తగ్గడానికి కాస్త టైం పట్టింది."

ఉమారాణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెర మీది అక్షరాలు అలుక్కుపోయాయి. హరిచందన భుజం మీద చెయ్యి వేసి, "కొట్టక్కా," అంది. ఉమారాణి చున్నీతో కళ్లు తుడుచుకుంది. అక్షరాలు తేటపడే దాకా ఆగింది. మూస్తున్నది ఏ రన్నో పేరు ఇంకొకసారి పైకే చదివి, అప్పుడు నొక్కింది.